కంట్రోలర్ పోయింది అనేముందు

చీమకుర్తి గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో అయినా, నెల్లూరు చుట్టుపక్కల రొయ్యల ప్లాంటులో అయినా, ఒంగోలు, టంగుటూరు పొగాకు గోడౌన్లలో అయినా బ్యాటరీ ఫోర్క్‌లిఫ్ట్ కదలకపోతే వచ్చే మొదటి మాట "కంట్రోలర్ పోయింది". బ్యాటరీ నుంచి మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసే పెట్టె అది. నిజంగా పోయేవి తక్కువ. చాలా వరకు కంట్రోలర్ బాగానే ఉంటుంది, ఏదో ఒక షరతు తీరక బండిని కావాలనే ఆపి ఉంటుంది. ఆ షరతేమిటో చూడకుండా వైర్లు షార్ట్ చేసి నడపడం మొదలుపెడితే అసలు ప్రమాదం అక్కడ్నుంచి మొదలవుతుంది.

తాళం తిప్పగానే లోపల ఏం జరుగుతుందో ముందు తెలియాలి. కంట్రోలర్‌లో పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. అవి ఖాళీగా ఉండగా మెయిన్ కాంటాక్టర్ (బ్యాటరీ కరెంటును కలిపి, కోసే పెద్ద స్విచ్) మూసుకుంటే క్షణంలో వందల ఆంపియర్లు దూకుతాయి, కాంటాక్ట్ ముఖాలు కరిగి అతుక్కుంటాయి. అందుకే ముందు ప్రీచార్జ్ రెసిస్టర్ గుండా కెపాసిటర్లను మెల్లగా నింపి, ఆ తర్వాతే కాంటాక్టర్‌ను "టక్" మనిపిస్తారు. పాత డీసీ సిరీస్ మోటార్ బళ్లలో ఈ రెసిస్టర్ కాంటాక్టర్ రెండు బోల్టుల మధ్యే బిగించి ఉంటుంది. 250 ఓమ్‌లు, 5 వాట్లది ఎక్కువగా కనిపిస్తుంది. ఏసీ బళ్లలో ఈ పని కీ స్విచ్ లైను గుండా కంట్రోలరే చూసుకుంటుంది.

రెసిస్టర్ తెగితే బండి ఆ రోజే ఆగదు, చిక్కంతా అదే. మామూలుగానే నడుస్తుంది, కాకపోతే తాళం తిప్పినప్పుడల్లా కాంటాక్టర్ కొంచెం కొంచెం కాలుతుంది. రెసిస్టర్ నేరుగా కాంటాక్టర్ మీదే ఉన్న బళ్లలో పరీక్ష తేలిక. బ్యాటరీ ప్లగ్గు పెట్టి, తాళం తిప్పకుండా, కంట్రోలర్ బీ ప్లస్, బీ మైనస్ (బ్యాటరీ కేబుళ్లు వచ్చే బోల్టులు) మధ్య మీటర్ పెట్టండి. కొన్ని సెకన్లలో బ్యాటరీ వోల్టేజి దగ్గరికి రావాలి. సున్నా దగ్గరే ఉండిపోతే రెసిస్టర్ తెగిందేమో విప్పి చూడాలి.

కాంటాక్టర్ అతుక్కుంటే ఎందుకంత భయపడాలి? డీసీ కంట్రోలర్‌లో మాస్‌ఫెట్లు (కరెంటును కలిపి కోసే ఎలక్ట్రానిక్ స్విచ్చులు) షార్ట్ అయితే మోటారుకు పూర్తి బ్యాటరీ వోల్టేజి వెళ్లిపోతుంది, పెడల్ మీద కాలు తీసినా బండి ఆగదు. అప్పుడు కరెంటు కోయాల్సింది కాంటాక్టరే. అదీ అతుక్కుని ఉంటే తాళం తీసినా లాభం లేదు, బ్యాటరీ ప్లగ్గు పీకడం ఒక్కటే దారి. ఆ ప్లగ్గు డ్రైవర్ చేతికి అందేలా ఉండాలి. దాన్ని సీటు కింద తాడుతో కట్టేసే అలవాటు మానుకోవాలి. ఏసీ బళ్లలో ఈ భయం తక్కువ. మాస్‌ఫెట్లు వరుసగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటేనే మోటార్ తిరుగుతుంది కాబట్టి, ఒకటి షార్ట్ అయితే మోటార్ బిగుసుకోవడమో ఫ్యూజు పోవడమో జరుగుతుంది గానీ బండి పరుగెత్తదు. పాత డీసీ బండి ఉన్నవాళ్లు కాంటాక్టర్ ముఖాలను మూడు నెలలకోసారి విప్పి చూడటం అతి జాగ్రత్తేమీ కాదు. కాంటాక్టర్ కాయిల్ మీదుండే చిన్న డయోడ్‌ను మళ్లీ పెట్టేటప్పుడు గీత ఉన్న వైపు ప్లస్‌కే రావాలి.

ఇక డ్రైవర్లను ఎక్కువగా విసిగించేది పెడల్ నియమం. పెడల్ తొక్కి ఉండగా తాళం తిప్పినా, సీట్లో కూర్చున్నా, గేరు వేసినా బండి కదలదు. కాలు పూర్తిగా తీసి మళ్లీ తొక్కాలి. షిఫ్ట్ మారే వేళ "స్టార్ట్ కావడం లేదు" అని వచ్చే ఫోన్లలో చాలా వరకు ఇదే. కాలు తీసినా ఒప్పుకోకపోతే పెడల్ స్ప్రింగు కిందో, మ్యాటు కిందో రాతిపొడి పేరుకుని పెడల్ పూర్తిగా వెనక్కి రావడం లేదన్నమాట. సున్నా నుంచి 5 కిలో ఓమ్‌ల పాట్ (పెడల్ ఎంత తొక్కారో చెప్పే రెసిస్టర్) అయితే వైర్లు విప్పి కొలవండి. పెడల్ వదిలినప్పుడు 50 ఓమ్‌ల లోపు, పూర్తిగా తొక్కితే 4500 నుంచి 5500 మధ్య రావాలి. మెల్లగా తొక్కుతూ ముల్లు మీటర్‌తో చూస్తే మధ్యలో ఎగిరిపడే చోటు దొరుకుతుంది. డిజిటల్ మీటర్‌లో అది కనిపించదు. ఈ రకం పాట్‌కు వైరు తెగడమంటే "ఫుల్ స్పీడు" అన్నట్టే, అందుకే ఓమ్‌లు హద్దు బాగా దాటితే కంట్రోలర్ మోటారుకు కరెంటు ఆపేస్తుంది.

డ్రైవర్ సీట్లో లేకపోతే బండిని ఆపే సీటు స్విచ్ వైర్లు రెండూ కలిపి టేపు చుట్టిన బండి కనిపిస్తే నడపవద్దు. గుంతలో ఎగిరినప్పుడు బండి ఆగిపోతోందని ఈ పని చేస్తారు. దానికి మందు సీటు స్ప్రింగు మార్చడం, లేదా కంట్రోలర్ సెట్టింగులు మార్చే ప్రోగ్రామర్‌తో స్విచ్ ఆలస్యం కొంచెం పెంచడం. నడిచే ప్యాలెట్ ట్రక్కులో హ్యాండిల్ చివరి ఎర్ర బటన్ హ్యాండిల్‌కూ గోడకూ మధ్య మనిషి నలిగినప్పుడు బండిని వెనక్కి తోస్తుంది. దాన్ని ప్రతి షిఫ్టూ మెల్లగా నడుపుతూ అరచేత్తో నొక్కి చూడాలి. పొట్టతో కాదు.

కర్టిస్ కంపెనీ 1234, 1236, 1238 ఏసీ కంట్రోలర్లయితే లైటు చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. ఎర్రలైటు ఒకసారి వెలిగాక పసుపు ఎన్నిసార్లు వెలిగితే అది మొదటి అంకె, ఎర్ర రెండుసార్లు వెలిగాక వచ్చే పసుపు రెండో అంకె. 14 అంటే ప్రీచార్జ్ కాలేదు, 38 అంటే కాంటాక్టర్ అతుక్కుంది, 39 అంటే మూసుకోలేదు, 47 అంటే పైన చెప్పిన పెడల్ వరుస తప్పింది. 36 అంటే ఎన్‌కోడర్ (మోటార్ వేగం చెప్పే సెన్సర్) లోపం. 22 వేడి, 23 తక్కువ వోల్టేజి, ఈ రెంటిలో బండి ఆగదు, నీరసంగా నడుస్తుంది.

వేడి సంగతి మన ఎండలకు వేరే చెప్పాలి. ఈ కంట్రోలర్లు హీట్‌సింక్ (వేడిని లాగే అడుగు ప్లేటు) 85 డిగ్రీలు దాటగానే కరెంటు తగ్గించడం మొదలుపెట్టి 95 దగ్గర పూర్తిగా ఆపేస్తాయి. రోహిణి కార్తెలో షెడ్డులోనే 45 ఉంటే మిగిలింది 40 డిగ్రీలే. అడుగు ప్లేటు ఛాసిస్‌కు గట్టిగా ఆనాలి, మధ్యలో పెయింటు ఉండకూడదు, థర్మల్ పేస్టు పలచగా రాయాలి. రాతిపొడి పేరుకుంటే వేడి పోదు. కేబుల్ లగ్గు (బోల్టుకు బిగించే చివరి లోహపు ముక్క) వదులైనా వేడే: 200 ఆంపియర్ల దగ్గర జాయింటులో అర వోల్టు పడితే 100 వాట్లు అక్కడే కాలుతుంది. బరువెత్తి నడుపుతుండగా జాయింటుకు అటూ ఇటూ మీటర్ పెడితే తెలిసిపోతుంది. ఒకే బోల్టుకు రెండు లగ్గులుంటే ఎక్కువ కరెంటు మోసేది అడుగున ఉండాలి. పాత డీసీ మోడళ్లలో బయటికొచ్చిన రాగి పట్టీలను రెండు పానాలతో ఎదురుపట్టి బిగించాలి, లేకపోతే పట్టీ తిరిగి లోపలి సీలు పగులుతుంది.

రొయ్యల ప్లాంటుల్లో శత్రువు నీళ్ల పైపు. కోల్డ్‌రూమ్‌లోంచి బయటి ఉక్కలోకి వచ్చిన బండికి చెమట పడుతుంది, ఉప్పు తోడై కనెక్టర్ పిన్నులు పచ్చబడతాయి. ప్రెషర్ వాషర్ కంట్రోలర్ దగ్గరికి రానీయొద్దు, తడిబట్టతో తుడిస్తే చాలు. తుడిచే ముందు బ్యాటరీ ప్లగ్గు తీసి, 100 ఓమ్‌లు 25 వాట్ల రెసిస్టర్‌ను బీ ప్లస్, బీ మైనస్ మధ్య కొన్ని సెకన్లు ఆనించి కెపాసిటర్లు ఖాళీ చేయండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేస్తే మెరుపులు తప్ప ప్రయోజనం లేదు.

లీకేజీ అనుమానమైతే మెగ్గర్ (ఎక్కువ వోల్టేజితో ఇన్సులేషన్ చూసే మీటర్) తీసే ముందు కంట్రోలర్‌ను పూర్తిగా విడదీయండి. 500 వోల్టులు దాని మీద పడితే అప్పుడు నిజంగానే పోతుంది. మోటార్ కేబుళ్లు విప్పి, మీటర్ డయోడ్ గుర్తుకు పెట్టి, ఎర్ర ప్రోబు బీ మైనస్ మీద, నల్లది వరుసగా యూ, వీ, డబ్ల్యూ అనే మోటార్ బోల్టుల మీద పెడితే మూడు చోట్లా దాదాపు ఒకే అంకె, అర వోల్టు దగ్గర రావాలి. ఒక చోట సున్నా వస్తే అప్పుడు అనండి, కంట్రోలర్ పోయిందని. చక్రం తిరిగే పరీక్ష ఏదైనా డ్రైవ్ చక్రాలను జాకీ మీద లేపి, స్టాండు పెట్టాకే.