మెడికల్ తిరిగొచ్చింది: పైలట్ ఉద్యోగం మీద నా లెక్క

నా క్లాస్ 1 మెడికల్, అంటే విమానం నడపడానికి ఒంట్లో బాగుందని ఇచ్చే సర్టిఫికెట్, మొన్న తిరిగి చేతికొచ్చింది. కొన్ని నెలలు ఇంట్లో కూర్చున్నాను. ఈ ఉద్యోగంలో ఏం వస్తుంది, ఏం పోతుంది అని నన్ను చాలామంది అడుగుతుంటారు. కోపం చల్లారకముందే చెప్పేస్తాను.

మొదటి దశల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కమర్షియల్ లైసెన్స్‌కి 200 గంటలు ఎగరాలి. తర్వాత టైప్ రేటింగ్ (ఒక్కో రకం విమానానికి విడిగా తెచ్చుకునే అర్హత), నేల మీదే విమానంలా పనిచేసే సిమ్యులేటర్, అసలు ఫ్లైట్లలో లైన్ ట్రైనింగ్. డబ్బు నీళ్లలా ఖర్చవుతుంది, అప్పు ఏళ్ల తరబడి వెంటాడుతుంది. కానీ కూర్చుని చదివితే, చేతులు అలవాటు పడితే, అవన్నీ దాటేయొచ్చు.

నిద్ర సంగతి వేరు. తెల్లవారుజామున 2 నుంచి 6 వరకు ఒళ్లు నిద్ర కోసం మారాం చేసే సమయం. సరిగ్గా అప్పుడే దిగడానికి సిద్ధమవుతుంటాం. ఇంటికొచ్చాక పట్టపగలు కర్టెన్లు వేసుకుని పడుకోవాలి. మా పాప స్కూల్ ఫంక్షన్లు నేను ఫోన్‌లో చూసినవే ఎక్కువ. ఇది తెలిసే వచ్చాను కాబట్టి దీని మీద ఫిర్యాదు లేదు.

ఫిర్యాదంతా మెడికల్ మీదే. ఏడాదికోసారి రెన్యూవల్ ఉంటుంది. కళ్లు, చెవులు, రక్తం, బీపీ అన్నీ బాగున్నాయి. ఈసీజీ చీటీ మీద మాత్రం మధ్యలో లయ తప్పిన దెబ్బలు కొన్ని కనిపించాయి. ఎక్టోపిక్ బీట్స్ అంటారు. పరీక్ష చేసిన డాక్టర్ తల కూడా ఎత్తలేదు. ఫారం మీద ‘తాత్కాలికంగా అన్‌ఫిట్’ అని రాసి పక్కన పెట్టాడు.

"ఎందుకండీ? ఏమైంది?" అన్నాను.

"రిపోర్ట్ పైకి వెళ్తుంది. వాళ్లు చెప్తారు."

అంతే. గుండె నాది, జబ్బుందేమోనన్న భయం నాది, వివరం మాత్రం నాకు చెప్పరట!

ఛాతీ నిండా ఎలక్ట్రోడ్లు అంటించి, నడుముకి చిన్న డబ్బా కట్టి, ఒక రోజంతా గుండె లయ రికార్డు చేసే హోల్టర్ పెట్టారు. ఎప్పుడు మెట్లెక్కానో, ఎప్పుడు పడుకున్నానో ఒక కాగితం మీద టైముతో సహా రాయమన్నారు. మర్నాడు ట్రెడ్‌మిల్. వేగం పెంచుకుంటూ పోయాడు, నాకు ఆయాసం వచ్చింది. అక్కడి టెక్నీషియన్ పక్క గదిలోకి వినబడేలా, "పైలట్ అన్నారు, ఈమాత్రానికే ఇలాగైతే ఎలా మేడమ్?" అన్నాడు. ఆయాసపడే దాకా పరిగెత్తించడమే ఆ పరీక్ష అని అతనికి తెలియదా? ఆ మాట ఇప్పటికీ మింగుడుపడటం లేదు. గుండె స్కాన్, ఎకో కూడా అయింది. అన్నీ నార్మల్. కార్డియాలజిస్ట్ మాత్రం మంచి మనిషి. నిద్ర చాలకపోయినా, కాఫీ ఎక్కువైనా ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి కూడా ఇలాంటివి రావచ్చని కూర్చోబెట్టి చెప్పారు.

ఇక అయిపోయిందనుకున్నాను. అసలు కథ మా మెడికల్ ఫైళ్లు చూసే ఆఫీసులో మొదలైంది. హోల్టర్ సారాంశం పంపితే మొత్తం ట్రేసింగ్, అంటే రోజంతటి గీతలూ కావాలన్నారు. అది పంపితే డాక్టర్ సంతకం కింద తేదీ లేదన్నారు. తేదీ వేయించి పంపితే, ఫైలు వేరే టేబుల్‌కి వెళ్లిందన్నారు. స్వయంగా వెళ్లి అడిగితే క్లర్క్ కంప్యూటర్ నుంచి చూపు తిప్పకుండా, "మీ ఒక్కరి ఫైలేనా ఇక్కడుంది? ఫోన్ చేస్తాం, వెళ్లండి" అన్నాడు. వెనక బెంచీ మీద నాతో పనిచేసిన కెప్టెన్ ఒకాయన కూర్చుని ఉన్నారు. ఆయన అటు తిరిగి ఏమీ విననట్టు ఉండిపోయారు. వేలమందిని భద్రంగా దింపిన నా చేతులు ఆ కౌంటర్ ముందు ప్లాస్టిక్ ఫోల్డర్ పట్టుకుని నిలబడ్డాయి.

ఈలోగా ఎగిరిన గంటల మీద వచ్చే డబ్బు ఆగిపోయి బేసిక్ ఒక్కటే మిగిలింది. లోన్ వాయిదా మాత్రం ఆగలేదు. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "ఆ ఉద్యోగం మానేసి మనశ్శాంతిగా ఉండరాదుటే?" అనేది.

పరీక్షలు కఠినంగా ఉండకూడదని నేను అనను. ఉండాలి. గాల్లో పైలట్ కుప్పకూలితే ఏమవుతుందో మాకంటే బాగా ఎవరికి తెలుసు? కానీ మనిషిని భయపెడితే మనిషి జబ్బు దాస్తాడు. 2015లో జర్మన్‌వింగ్స్ విమానాన్ని కో-పైలట్ కావాలనే కొండల్లోకి దించేశాడు, 150 మంది పోయారు. తన మానసిక పరిస్థితి అతను కంపెనీకి చెప్పలేదు. ఎగిరే హక్కు పోతే జీతం, జీవితం పోతాయన్న భయం కూడా అందుకు ఒక కారణమై ఉండొచ్చని దర్యాప్తు నివేదికలోనే రాశారు. అది చదివాక కూడా మనిషికి నాలుగు ముక్కలు వివరంగా చెప్పడం నేర్చుకోని ఆఫీసులంటే నాకు గౌరవం లేదు.

ఈ రంగంలోకి వస్తే ప్రతి ఈసీజీ కాపీ మీ దగ్గర పెట్టుకోండి. హోల్టర్ చేయిస్తే పూర్తి ట్రేసింగ్ ఆ రోజే అడిగి తీసుకోండి. నైట్ డ్యూటీ మర్నాడు మెడికల్‌కి వెళ్లొద్దు. లైసెన్స్ పోతే డబ్బిచ్చే ఇన్సూరెన్స్ మొదటి ఏడాదే తీసుకోండి, ఫైల్లో ఒక్క మచ్చ పడితే సవాలక్ష షరతులు పెడతారు.

మెడికల్ వచ్చినా వెంటనే ఎగరనివ్వరు. 90 రోజుల్లో 3 టేకాఫ్‌లు, 3 ల్యాండింగ్‌లు ఉండాలి, నాకు ఆ గడువు దాటింది కాబట్టి ముందు సిమ్యులేటర్. ఆ తర్వాత తొలి ఫ్లైట్‌లోనే దిగేటప్పుడు బలమైన క్రాస్‌విండ్, పక్క నుంచి కొట్టే గాలి, తగిలింది. ముక్కు గాలి వైపు తిరిగి ఉంది, రన్‌వే పక్క అద్దం వైపు జరిగి కనిపిస్తోంది. నేల దగ్గరకొచ్చాక తోక మీది రడ్డర్‌తో ముక్కు సరిచేసి, గాలి వచ్చే వైపు రెక్క కాస్త వంచి పట్టుకున్నాను. ముందు ఆ వైపు చక్రాలు తాకాయి, వెంటనే రెండో వైపువి. కెప్టెన్ "నెలల తర్వాత వచ్చినట్టు లేదమ్మా" అన్నారు. నిజంగానే లేదు. ఈ పని నాకు బాగా వచ్చు. ‘అంతా ఆటోపైలటేగా’ అనేవాళ్లని ఆ రోజు కాక్‌పిట్‌లో మా వెనక ఉండే జంప్ సీట్‌లో కూర్చోబెట్టాల్సింది.

కెప్టెన్ అయ్యే కమాండ్ అప్‌గ్రేడ్‌కి పేరిచ్చాను. మా ఆయన కాదనలేదు. ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ కూడా చేసుకో, నేల మీద ఉన్నా సిమ్యులేటర్‌లో పాఠాలు చెప్పుకోవచ్చు అన్నారు. మంచి మాటే, చేస్తున్నాను.

పిల్లల్ని పైలట్ చేద్దామని అడిగే తల్లిదండ్రులకి నేను చెప్పేది ఒక్కటే. ఫ్లయింగ్ స్కూల్‌కి ఒక్క రూపాయి కట్టకముందే క్లాస్ 1 మెడికల్ చేయించండి, మామూలు చెకప్ కాదు, క్లాస్ 1. ఫీజు కట్టించుకునే తొందరలో ఉన్నవాళ్లు ఈ మాట మీకు ముందుగా చెప్పరు.