తల వంచకుండా శుక్లం ఆపరేషన్: నా అనుభవం

నిన్న ఒంగోలులో పదకొండు శుక్లం ఆపరేషన్లు చేసి ఇంటికొచ్చాను. మెడకు కాపడం అక్కరలేకుండానే నిద్రపోయాను. పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఇలాంటి రాత్రి నాకు గుర్తులేదు.

మైక్రోస్కోపు ఐపీసులకు కళ్లు ఆనించి, ఒక కాలు దాని పెడల్ మీద, రెండోది ఫేకో (శుక్లాన్ని ముక్కలు చేసి పీల్చే యంత్రం) పెడల్ మీద ఉంచి గంటల తరబడి కూర్చునే పని మాది. నా మెడలో ఐదో, ఆరో వెన్నుపూసల మధ్య డిస్కు ఉబ్బింది. ఎమ్మారై, ఫిజియోథెరపీ అన్నీ అయ్యాయి. మైక్రోస్కోపుకు త్రీడీ కెమెరా బిగించి, 55 అంగుళాల తెర చూస్తూ ఆపరేషన్ చేసే పరికరం కావాలంటే, అప్పటి ఆసుపత్రి యాజమాన్యం "రోగికి పనికొచ్చేది అడగండి" అంది. ఆ మాట ఇప్పటికీ మండుతుంది. నొప్పితో బిగుసుకున్న చెయ్యి పనిచేసేది రోగి కంట్లో కాదా?

కొత్తచోట తెర దొరికింది. మొదటి కేసు కనిగిరి వైపు నుంచి వచ్చిన పెద్దావిడ. చుక్కల మందు మత్తే కాబట్టి మెలకువగానే ఉన్నారు. కోత బాగానే పడింది. కటకం మీది పొరను గుండ్రంగా చింపబోతే నా చెయ్యి ఒకవైపు, తెరమీది ఫోర్సెప్స్ మరోవైపు పోతున్నట్టు తోచింది. చిరుగు అంచుకు పరుగెత్తింది. ఐపీసులో అయితే ఆ తప్పు నా కంటితోనే ఉండిపోయేది. ఇక్కడ సిస్టర్, జూనియర్, తలుపు దగ్గరి వార్డు బాయ్ అందరూ పళ్లెమంత కంటిలో దాన్ని చూశారు. ఎవరూ మాట్లాడలేదు. జెల్ నింపి, తెర తీసేయమన్నాను.

"ఏమైంది బాబూ?" అన్నారు ఆవిడ. నా గొంతు పెగల్లేదు. "ఏం లేదమ్మా" అని జూనియర్ చెప్పాడు. మళ్లీ ఐపీసుల్లోకి వంగి పొరను దక్కించుకున్నాను. చూపు చక్కగా వచ్చింది. నాకు మాత్రం ఆ రాత్రి కన్ను మూతపడలేదు.

ఆ రోజు మందుల ట్రాలీ అడ్డమని తెరను కాస్త ఎడమకు పెట్టారు. తేడా అక్కడే వచ్చింది. తల తిరిగితే చూపు దిశ, చేతి దిశ వేరవుతాయి. తెర సూటిగా ఎదుట, సుమారు నాలుగడుగుల దూరంలో ఉండాలి. కెమెరా అపర్చర్ (వెలుతురు లోపలికెళ్లే రంధ్రం) తగ్గిస్తే లోతు స్పష్టమవుతుంది. శిక్షణకొచ్చిన కంపెనీ మనిషి ధర గురించి అరగంట మాట్లాడాడు, ఈ రెండు ముక్కలూ చెప్పలేదు. కొన్నాళ్లు కోత, చివరి శుభ్రం మాత్రమే తెరమీద చేసి, పొర పని ఐపీసులోనే కానిచ్చాను. తర్వాత అదీ తెరకు మార్చాను. కెమెరా తక్కువ వెలుతురులోనూ చూపిస్తుంది కాబట్టి లైటు బాగా తగ్గించాను.

నిన్నటి పదకొండో కేసు ఆ పెద్దావిడ రెండో కన్ను. కట్టు కడుతుంటే, "ఈసారి వెలుగు గుచ్చుకోలేదు బాబూ" అన్నారు.