జిమలగట్ట దాటాక

కాళేశ్వరం వంతెన దాటి మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచలో దిగేసరికి తొమ్మిదైంది. ఆలపల్లికి జీపు మనిషికి నాలుగొందలట! ఒళ్లు మండి ఎర్రబస్సే ఎక్కాను. వంద కిలోమీటర్ల దారికి అయిదు గంటలు. పేరుకు జాతీయ రహదారి, ఉన్నవన్నీ గుంతలే. జిమలగట్ట దాటాక టైరు పోయింది.

మద్దిచెట్టు కింద నా పక్కన కూర్చున్న తాత బీడీలు చుట్టే తునికాకు సంగతి ఎత్తాడు. "మీ దిక్కు కట్టకు యాభై ఆకులే. మాకు డెబ్బై, బిడ్డా." 1980లో అన్నలు, అంటే నక్సలైట్లు, ప్రాణహిత దాటి వచ్చేనాటికి కట్టకు పైసల్లోనే ముట్టేదట. "వాళ్లు కంట్రాక్టరును కూసోబెట్టిన్రు. ఒక్క ఎండకాలంల రేటు పెరిగింది." కాసేపు ఆగి, "రాత్రి వాళ్లకు బువ్వ, పొద్దుగాల పోలీసోళ్లకు జవాబు. ఇన్‌ఫార్మరని మా అన్న కొడుకును సంపిన్రు" అన్నాడు. చేతిలోని పుల్లతో ఎర్రమట్టిలో గీతలు గీస్తూనే ఉన్నాడు.

మా మేనమామ 1988లో ఈ అడవికే వచ్చాడు. విప్లవం లేనిదే ఏదీ మారదని అమ్మతో చెప్పి వెళ్లాడు, తిరిగి రాలేదు. కాలేజీలో ఉన్నప్పుడు నేనూ ఆ మాటే నమ్మాను.

ఇప్పుడు నేను వెళ్తున్నది ఇదే జిల్లాలోని మెంఢా-లేఖకు. "ఢిల్లీ, ముంబైలో మా సర్కారు, మా ఊళ్లో మేమే సర్కారు" అన్న ఊరది. అందరూ ఒప్పుకుంటే తప్ప అక్కడ ఏ నిర్ణయమూ జరగదు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది, 2009లో ఆ ఊరికి దాదాపు 1,800 హెక్టార్ల అడవిపై సామూహిక హక్కు దక్కింది. సొంత వెదురు అమ్ముకోవడానికి 2011 దాకా ఆగాల్సి వచ్చింది. ఆదివాసులకు చారిత్రక అన్యాయం జరిగిందని ఆ చట్టమే ఒప్పుకుంది. ఆ ఒక్క మాట రాయడానికి స్వాతంత్ర్యం వచ్చాక 59 ఏళ్లు పట్టింది. అంత ఓపిక పట్టమని ఆకలితో ఉన్నవాళ్లకు ఏ నోటితో చెప్తాం?

"అన్నలు రాకుంటే ఆ చట్టం వస్తుండెనా తాతా?"

"ఏమో బిడ్డా. వాళ్లు రాకముందు మా మొఖం ఎవ్వలు సూడలే." సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని బ్యాంకు పాసుబుక్కు విప్పి ఒక వరుస మీద వేలు పెట్టాడు. "ఇది మా గ్రామసభ ఏసిన బోనస్. ఆకు మేమే వేలం పెట్టినం. తుపాకి పట్టినోనికి దండం పెట్టలే, ఖాకీ బట్టలోనికి పెట్టలే."

నాకైతే ఆ వరుసే పెద్ద మార్పనిపించింది. అయినా మేనమామ ఊరికే పోయాడని అనడానికి నోరు రాలేదు. టైరు మార్చారు. తాత పాసుబుక్కును మళ్లీ కవరులో పెట్టి రబ్బరు బ్యాండు వేశాడు. అమ్మకు ఈ సంగతి ఎలా చెప్పాలో ఆలపల్లి దాకా ఆలోచిస్తూనే ఉన్నాను.