జింకకు ఏ తూటా? బెంగళూరు రాత్రి షిఫ్టు నుంచి

మారతహళ్లిలో అద్దె గది, బెళ్లందూరులో ఆఫీసు, అమెరికా గడియారం ప్రకారం పని. వేట సామగ్రి అమ్మే అక్కడి దుకాణానికి వచ్చే ప్రశ్నలకు మేము ఇక్కడి నుంచి చాట్‌లో జవాబులు రాస్తాం. మిషిగన్‌లో తుపాకీతో జింకల వేట నవంబరు 15న మొదలవుతుంది. దానికి ముందు వారాల్లో మాకు సెలవులు దొరకవు. దీపావళికి ఊరు వెళ్లాలనుకునేవాళ్లకు ఏటా అదే దిగులు.

బృందంలో ఎక్కువమంది తెలుగువాళ్లమే. కదిరి, చిత్తూరు, నెల్లూరు, ఖమ్మం. రైఫిల్ చేత పట్టినవాళ్లు ఒక్కరూ లేరు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను కొట్టడం నేరం. అందుకే మా అమ్మ ఫోనులో, “ప్రాణమున్న జీవాన్ని చంపే సామానా నాయనా నువ్వు అమ్మించేది?” అని అడిగితే నాకు కోపం రాలేదు. అక్కడ వేటకు లైసెన్సు, గడువు, లెక్క ఉంటాయని చెప్పాను. రైఫిళ్లు, తూటాల మీద 1937 చట్టం ప్రకారం వసూలయ్యే 11 శాతం పన్ను వన్యప్రాణుల సంరక్షణకే వెళ్తుందనీ చెప్పాను. ఆమె ఊరుకుంది కానీ ఒప్పుకోలేదు. నాకు ఈ పని మీద గౌరవం కలిగించింది మాత్రం పన్ను కాదు. అనుభవమున్న వేటగాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది: “ఈ తూటాతో జంతువు బాధపడకుండా పోతుందా?” కాలిబర్, అంటే ఏ కొలత తూటా అనే ఎంపిక, మొత్తం ఆ ప్రశ్నకు జవాబే అని నేను నమ్ముతాను.

కొత్తగా చేరిన నెల్లూరు కుర్రాడు మొదటి వారంలోనే అడిగాడు. “అన్నా, పెద్ద జంతువుకు పెద్ద నంబరున్న తూటా రాసేస్తే సరిపోదా?”

సరిపోదు. .308 విన్‌చెస్టర్, .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్, .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ అనే తూటాలు మూడింటిలో గుండు, అంటే తూటా కొస నుంచి దూసుకెళ్లే భాగం, మందం ఒకటే, అంగుళంలో .308 వంతు. తేడా అంతా వెనకనున్న ఇత్తడి కేసులో పట్టే మందులో ఉంది. .30-06 చివర ఉన్న 06, అమెరికా సైన్యం దాన్ని తీసుకున్న 1906వ సంవత్సరం. .270 విన్‌చెస్టర్ గుండు కొలిస్తే .277 అంగుళం. నంబరు చూసి బలం అంచనా వేసేవాడు తప్పకుండా పొరబడతాడు.

బలం తేల్చడానికి గుండు బరువు, వేగం, దూరం కలిపి చూడాలి. బరువును గ్రెయిన్లలో చెబుతారు, పౌనుకు 7000 గ్రెయిన్లు. 150 గ్రెయిన్ల గుండు పది గ్రాములు కూడా తూగదు. తెల్లతోక జింకకు అది సమృద్ధిగా చాలు. .243లో 100 గ్రెయిన్లు, .270లో 130 గ్రెయిన్లు కూడా ఆ పని చక్కగా చేస్తాయి. ఎల్క్ అనే పెద్ద జాతి జింక సంగతి వేరు. మగ ఎల్క్ మూడు వందల కిలోలు దాటుతుంది, భుజం ఎముక మందం. గుండు లోపలిదాకా దిగి ఊపిరితిత్తులను చేరాలంటే .30-06లో 165 లేదా 180 గ్రెయిన్లు, అదీ చెదిరిపోకుండా విచ్చుకునే గట్టి గుండు కావాలి. కొలరాడో రాష్ట్ర నిబంధనల్లో జింకకు కనీసం 70 గ్రెయిన్లు, ఎల్క్‌కూ, దానికంటే పెద్ద జింక మూస్‌కూ 85 అని ఉంటుంది. వంద గజాల దగ్గర గుండులో వెయ్యి అడుగు-పౌన్ల (దెబ్బ బలాన్ని కొలిచే లెక్క) శక్తి మిగలాలనీ ఉంటుంది. అది చట్టం గీసిన కనీస గీత మాత్రమే. 85 గ్రెయిన్లతో ఎల్క్ మీదికి వెళ్లమని నేను ఎవరికీ రాయను.

అన్నిటికంటే ఎక్కువసేపు నేను రాసేది తుపాకీ తన్నడం గురించి. ఒక తండ్రి పన్నెండేళ్ల కూతురికి .300 మాగ్నమ్ అడిగాడు. రేపు ఎల్క్ వేటకు కూడా పనికొస్తుందని ఆయన ఆలోచన. పెద్దవాళ్ల భుజాన్నే కుదిపేసే రైఫిల్ అది. ఒకసారి గట్టిగా తగిలితే ఆ పిల్ల తర్వాతి గుండుకు ముందే కళ్లు మూసుకుంటుంది, గురి చెదురుతుంది, గుండు గుండెకు బదులు కడుపులో దిగుతుంది. ఆ జింక పొదల్లో పడి గంటల తరబడి చస్తుంది. .243 తన్నుడు .30-06లో దాదాపు సగమే. అదీ కాకపోతే 7ఎంఎం-08, లేదా 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్ తీసుకోమని రాశాను. దుకాణానికి మాగ్నమ్ మీద లాభం ఎక్కువేమో, అది నా లెక్కలోకి రాదు. భయం లేకుండా పేల్చగలిగినదే ఆ పిల్లకు సరైన కాలిబర్. గురి మాత్రం ముందుకాలి భుజం వెనకే ఉండాలి.

జింక, ఎల్క్ రెండూ ఒకే రైఫిల్‌తో కావాలంటే, పేల్చేవాడు తట్టుకోగలిగితే, నా ఓటు .30-06కే. వందేళ్లు దాటినా చిన్న ఊరి దుకాణంలో సైతం దాని తూటాలు దొరుకుతాయి. దట్టమైన అడవిలో వంద గజాల లోపే కొట్టేవాళ్లకు 1895 నాటి .30-30 చాలు. అలాస్కా గోధుమరంగు ఎలుగుబంటి అయితే .375 హెచ్ అండ్ హెచ్ దాకా వెళ్లాల్సిందే. లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ వాళ్లు 1912లో చేసిన ఆ తూటాతో తెల్లతోక జింకను కొట్టడం మాంసం పాడుచేసుకోవడమే.

ఎక్కడ వేటాడతారని అడగకుండా మా కుర్రాళ్లను జవాబు రాయనివ్వను. ఒహాయోలో రైఫిల్‌తో జింకను కొట్టాలంటే మెడ సన్నబడని నిటారు కేసు తూటాలే వాడాలి, అంటే .350 లెజెండ్, .450 బుష్‌మాస్టర్ లాంటివి. .308 కొనిపిస్తే ఆ మనిషి డబ్బు వృథా. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకు సీసం నిషేధం. అక్కడివాళ్లు రాగి గుండ్లు తీసుకోవాలి. రాగి సీసం కంటే తేలిక కాబట్టి అదే బరువుకు గుండు పొడవవుతుంది. అందుకే ఒక మెట్టు తక్కువ బరువు తీసుకోమంటాను.

ఇంకొకటి, వాళ్లు అడగకపోయినా రాస్తాను. తూటాల పెట్టె మారితే గురి మారుతుంది. ఏ తూటాతో అడవికి వెళ్తారో అదే తూటాతో సీజనుకు ముందే వంద గజాల దగ్గర కాగితం మీద కొట్టి చూసుకోండి.