పాటకు నిలబడ్డ బండ్లు

మా మావయ్యకి గాజువాక ఆటోనగర్‌లో తుక్కు కొట్టు ఉంది. పోలీసుల వేలం ఉందంటే చాలు, పొద్దున్నే టీ కూడా తాగకుండా ధరావతు డబ్బుతో బయల్దేరతాడు. మొన్న నన్నూ రమ్మన్నాడు. "పల్సరేదైనా చవగ్గా తగిలితే పాడుకుందువు గానీ రా అల్లుడూ" అన్నాడు. చవకంటే నాకు మాత్రం చేదా?

గ్రౌండులో చాలా బండ్లకి వైజాగ్ కోడు ఏపీ 31 నెంబర్లే. అంటే 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 రాకముందు కొన్నవి. వైజాగ్ ఉప్పుగాలికి కవరు కప్పి దాచుకున్న బండికే తుప్పు ఆగదు. ఇవి స్టేషన్ల వెనక ఎండా వానా తిన్నవి. సైలెన్సర్ మీద వేలు పెడితే పెళ్లలు రాలుతున్నాయి. ఒక స్ప్లెండర్ హ్యాండిల్‌కి దిష్టికి కట్టిన నిమ్మకాయ ఇంకా వేలాడుతోంది. ఎండి నల్లగా గోలీ అంత అయింది. మిరపకాయలు పోయి తొడిమలే మిగిలాయి. ట్యాంకు మీద తెల్ల పెయింటుతో కేసు నెంబరు. మావయ్య కిరసనాయిలు గుడ్డతో ఛాసిస్ తుడిచి అంకెలు చదువుకుంటుంటే, నేను ఆ నిమ్మకాయ దగ్గరే ఆగిపోయాను.

"ఏటిరా, పెళ్లిచూపులేటి? కిక్కు కొట్టి చూడు."

కొట్టాను. రాడ్డు కదిలితే ఒట్టు. పిస్టన్ పట్టేసింది.

ఇవన్నీ దొంగబండ్లే అనుకునేవాణ్ణి. కొన్ని అవే. కానీ తాగి నడుపుతూ దొరికినవీ, కాగితాల్లేక ఆగిపోయినవీ కూడా ఉంటాయి. అమెరికాలో మిన్నెసోటా లాంటి చోట్ల పదేపదే తాగి నడిపితే బండినే ప్రభుత్వం జప్తు చేసుకుంటుంది. మన చట్టంలో తాగి నడిపినందుకు శిక్ష మనిషికే. మొదటిసారికి 10,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, ఒక్కోసారి రెండూ. బండి వదిలేసేది ఓనరే. బండి ఖరీదు ఎనిమిది వేలు, జరిమానా పది వేలు, ఆర్‌సీ చూస్తే ఇంకా మొదటి ఓనరు పేరు మీదే! ఇంకెందుకు వెళ్తాడు? పోలీసులు ప్రకటన ఇస్తారు, ఆరు నెలలు గడువు పెడతారు, ఎవరూ రాకపోతే పాటకి పెడతారు.

ఈ లెక్క నేనూ వేశాను. రెండేళ్ల కిందట బావమరిది పెళ్లి రిసెప్షన్ నుంచి వస్తూ ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర పోలీసులాపితే మిషన్‌లో ఊదాను. 86 చూపించింది. హద్దు 30. "ఇల్లు కిలోమీటరే సార్" అన్నాను. అందరి ఇల్లూ కిలోమీటరే అన్నాడు ఎస్సై. కోర్టులో పదివేలు వేశారు, లైసెన్సు మూడు నెలలు సస్పెండ్ చేశారు. అమ్మితే నా బండికి పన్నెండు కూడా రావు. వదిలేద్దామన్నాను. మా ఆవిడ చీటీ డబ్బులు తెచ్చి టేబుల్ మీద పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బావుండేది.

పాట మొదలైంది. ఆర్‌సీ మార్చుకోవడానికి వీలున్న పల్సర్ ఒకటి ఉంటే నేను తొమ్మిది వేల దాకా వెళ్లాను. బండి ఉన్నది ఉన్నట్టుగానే తీసుకోవాలి. పైన జీఎస్టీ, ఇంజిన్ పని, పేరు మార్పిడికి ఫారం 32 పట్టుకుని 30 రోజుల్లో రవాణా ఆఫీసుకి పరుగు. పక్కాయన తొమ్మిదిన్నర అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. మావయ్య మాత్రం పన్నెండు బండ్లు తుక్కు లాటు కింద కొట్టేశాడు, ఆ స్ప్లెండర్‌తో సహా. వ్యాన్‌లోకి ఎక్కిస్తుంటే నిమ్మకాయ ఊడి కింద పడింది. ఎవరూ తొక్కకుండా చుట్టూ తిరిగి నడిచారు. తుక్కుకి పోయే బండి దిష్టికి కూడా భయపడతాం మనం!

నా బండి గేటు బయట చెట్టు కింద ఉంది. హెల్మెట్ పెట్టుకుని స్టార్ట్ చేశాను. పది అడుగులు వెళ్లానో లేదో, కానిస్టేబుల్ చెయ్యెత్తి లైసెన్సు అడిగాడు.