బాంబుకి ఆడా మగా ఏందమ్మా?

తిరుపతిలో నా పీహెచ్‌డీ సినాప్సిస్ చూసి రీసెర్చ్ కమిటీ అడిగిన మొదటి ప్రశ్న అదే. అణు నిరాయుధీకరణను జెండర్ కోణం నుంచి చదువుతానన్నాను. "నిరాయుధీకరణలో మహిళల పాత్ర అని మార్చుకో, ఇప్పుడే సంతకం పెట్టేస్తాం" అన్నారు.

ఒప్పుకోలేదు. ఇంగ్లండ్‌లోని గ్రీన్‌హామ్ కామన్ సైనిక స్థావరం దగ్గర 1981 నుంచి ఏళ్ల తరబడి గుడారాల్లో ఉండి క్షిపణులను ఎదిరించిన ఆడవాళ్ల గురించి రాయాల్సిందే. కానీ నన్ను కుదురుగా ఉండనివ్వని సంగతి వేరే. బాంబు ఉంటే పౌరుషం, వద్దంటే చేతకానితనం అని ఎందుకనుకుంటాం? 1952లో తొలి హైడ్రోజన్ బాంబు పేలగానే దాని రూపకర్తల్లో ఒకడైన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టెల్లర్ కొట్టిన టెలిగ్రాం "మగబిడ్డ" అని. 1998 పోఖ్రాన్ మాటెత్తితే చిత్తూరులో మా మామయ్య ఇప్పటికీ "మనమేం గాజులు తొడుక్కొని కూర్చోలేదు" అంటాడు.

అప్పుడు ఒక సార్ అసలు చిక్కు పెట్టారు. "1974లో పరీక్ష చేయించింది ఇందిరా గాంధీ. 1996లో జెనీవాలో, అణు పరీక్షలన్నీ నిషేధించే సీటీబీటీ ఒప్పందం కుదరదని తెగేసి చెప్పింది మన రాయబారి అరుంధతీ ఘోష్. వాళ్లు ఆడవాళ్లే కదమ్మా?"

గడువు అడిగి బయటికొచ్చాను. మా గైడ్ మేడమ్ "ఆ ప్రశ్ననే ఒక అధ్యాయం చెయ్యి" అన్నారు. ఘోష్ వాదన మళ్లీ చదివాను. అణ్వాయుధాలున్న దేశాలు వాటిని వదులుకునే గడువు చెప్పకుండా, మిగతావాళ్లను పరీక్షలు మానమనడం వివక్ష అన్నది భారత్ అభ్యంతరం. 1967 జనవరి 1కి ముందు బాంబు పేల్చినవే అణ్వాయుధ దేశాలని, అణ్వాయుధాల వ్యాప్తిని ఆపడానికి పెట్టుకున్న ఎన్‌పీటీ ఒప్పందం గీత గీసింది కదా, ఆ కోపమూ ఇందులో ఉంది. వలస పాలన చూసిన దేశం తలవంచనంటోంది. ఆ రోషాన్ని పక్కనపెట్టి ఒట్టి మగతనం అనేస్తే అన్యాయం. అయితే తలెత్తుకోవడానికి బాంబే దిక్కని ఎప్పుడు అనుకున్నాం? నా పరిశోధన అక్కడ మొదలవ్వాలి. ప్రతినిధి ఆడైనా మగైనా రాజ్యం కోరే గొంతు ఒకటే అయినప్పుడు, తలలు లెక్కపెడితే ఏం తెలుస్తుంది?

రెండోసారి కమిటీ ముందుకు దక్షిణాఫ్రికా ఉదాహరణను పట్టుకెళ్లాను. తయారైన ఆరు బాంబులనూ విప్పేసి, 1991లో ఎన్‌పీటీలో చేరి, 1993లో ఆ సంగతి లోకానికి చెప్పింది. 122 దేశాల ఓటుతో 2017లో వచ్చిన అణ్వాయుధ నిషేధ ఒప్పందం పీఠిక కూడా జిరాక్స్ తీసి ఇచ్చాను. రేడియేషన్ దెబ్బ స్త్రీలకు, ఆడపిల్లలకు ఎక్కువన్న వాక్యం కింద ఆ సారే ఆకుపచ్చ ఇంకుతో గీత గీసి, పక్కన కూర్చున్నవారికి జరిపారు.

శీర్షికలో "రాజ్యపు గుర్తింపు" అని చేర్చమన్నారు. సంతోషంగా చేర్చాను. ఇలాంటి సినాప్సిస్ పెట్టబోయేవాళ్లు అరుంధతీ ఘోష్ ప్రశ్నకు జవాబు ముందే రాసుకుని వెళ్లండి, తప్పకుండా అడుగుతారు.