రోథెన్‌బుర్గ్‌లో యూదుల వీధి, నాన్నతో ఒక ఆదివారం

నాన్న గుంటూరు నుంచి జర్మనీ వచ్చి మూడు వారాలైంది, న్యూరెంబర్గ్‌లో చూపించాల్సినవన్నీ చూపించేశా, ఇంక ఆదివారం రోథెన్‌బుర్గ్ పోదామని పొద్దున్నే రైలెక్కాం, అన్స్‌బాఖ్‌లో ఒకసారి స్టైనాఖ్‌లో ఒకసారి మారాలి. చుట్టూ కోట గోడ, ఎర్ర పెంకుల ఇళ్ళు, ఇవన్నీ మీరు వీడియోల్లో చూసే ఉంటారు కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది యూడెన్‌గాస్సె గురించి, అంటే యూదుల వీధి.

తెల్ల బురుజు దగ్గర మొదలవుతుంది. ఊరి మొదటి గోడ ఇక్కడే ఉండేది, ఊరు పెరిగి బయట ఇంకో గోడ కట్టాక పాత కందకం పూడ్చేసి, 1370ల నుంచి దాని మీద ఇళ్ళు లేపారు. యూదులు, క్రైస్తవులు పక్కపక్కనే ఉన్నారు ఇక్కడ, గేటు వేసి బంధించిన వాడ కాదు. 10వ నంబర్ ఇంటి నేలమాళిగలో మిక్వే ఉంది, అంటే శుద్ధి కోసం మునిగే గుంట, అందులో భూమిలోంచి ఊరినవో వాననీళ్ళో, సహజంగా చేరిన నీళ్ళే ఉండాలి. "మన కోనేరు లాగా" అన్నాడు నాన్న, ఇంటి కిందే కోనేరు అనుకోండి.

అసలు యూదుల మొదటి పేట ఇది కాదు, కపెల్లెన్‌ప్లాట్స్ అనే చోట ఉండేది. అక్కడే రబ్బీ (యూదుల మతగురువు) మేయిర్ దాదాపు నలభై ఏళ్ళు ఉన్నారు, యూరప్ నలుమూలల నుంచీ ధర్మసందేహాలు ఆయనకే రాసి పంపేవాళ్ళు, ఆయన ఇచ్చిన జవాబులు వందల కొద్దీ ఇప్పటికీ మిగిలున్నాయి. 1286లో దేశం వదిలి వెళ్తుంటే పట్టుకుని రాజు రుడాల్ఫ్ ఖైదులో పెట్టాడు. విడిపించడానికి యూదులు పెద్ద మొత్తం ఇవ్వడానికి సిద్ధపడితే ఆయనే వద్దన్నారని చెప్తారు, ఇవాళ నాకోసం డబ్బిస్తే రేపు ప్రతి రబ్బీనీ పట్టుకుంటారని. 1293లో ఖైదులోనే పోయారు. శవాన్ని కూడా ఇవ్వలేదు. 1307లో అలెగ్జాండర్ వింప్‌ఫెన్ అనే ఆయన డబ్బు కట్టి విడిపించి వర్మ్స్‌లో పాతిపెట్టించాడు, తర్వాత ఆ అలెగ్జాండర్ పోయాక ఆయన్నీ ఆ పక్కనే పెట్టారు.

ఈ మధ్యలోనే 1298 వచ్చింది. రింట్‌ఫ్లైష్ అనేవాడు ఓ అబద్ధపు నింద పట్టుకుని మందని వేసుకుని ఊరూరా యూదుల్ని చంపుకుంటూ వచ్చాడు, ఈ ఒక్క ఊళ్ళోనే దాదాపు 450 మంది. ఇప్పుడందరూ లోయ చూడ్డానికి వెళ్ళే కోట తోట ఉంది చూశారా, ప్రాణాలు దక్కుతాయని పరిగెత్తింది అక్కడికే. 1349లో ప్లేగు పేరు చెప్పి మళ్ళీ. ఇంత జరిగాక కూడా తిరిగొచ్చి ఈ వీధిలో కాపురాలు పెట్టారంటే నాకు నోట మాట రాలేదు. 1520లో టాయిష్‌లైన్ అనే చర్చి బోధకుడు ఊరిని రెచ్చగొట్టి అందర్నీ వెళ్ళగొట్టించాడు, సినగోగ్‌ని, అంటే వాళ్ళ ప్రార్థనామందిరాన్ని, మేరీమాత గుడి చేశారు. ఇప్పుడు కార్లు పార్క్ చేసే ష్రానెన్‌ప్లాట్స్ వాళ్ళ శ్మశానం. మూడున్నర శతాబ్దాల తర్వాత కొన్ని కుటుంబాలొస్తే, 1938 అక్టోబర్ 22న చివరి 17 మందినీ తరిమేశారు.

తెల్ల బురుజు పక్కింటి తోట గోడలో సమాధి రాళ్ళ నకళ్ళు పొదిగారు, అసలువి మ్యూజియంలో ఉన్నాయి. చదరపు హీబ్రూ అక్షరాలు, లోతుగా చెక్కినవి. నాన్న కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని ఒక్కో వరుస మీద వేలు ఆడిస్తూ నిలబడ్డాడు, చదవడం రాదు కదా నాన్నా అంటే "రాకపోతే ఏం, పేరే కదా రాసుంటుంది" అన్నాడు.

మన ఊళ్ళోనూ కుమ్మరి వీధి ఉంది, కుమ్మరి సారె ఒక్కటీ లేదు, కానీ వాళ్ళు పని మానేసి వెళ్ళారు, ఎవరూ తరమలేదు. ఆ తేడా రైలెక్కేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నాం. అప్పుడు నాన్నకి గుర్తొచ్చింది, చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు, ప్రార్థనామందిరం కూడా ఉంది, ఇన్నేళ్ళూ ఆ దారినే బస్సులో తిరిగి ఒక్కసారీ దిగలేదట. స్టైనాఖ్ ప్లాట్‌ఫామ్ మీద రైలు కోసం నిలబడి చేబ్రోలు ఫ్రెండ్‌కి ఫోన్ చేశాడు. బాగున్నావా అని కూడా అడగలేదు. "ఒరేయ్, ఒక పెద్దాయన శవాన్ని పద్నాలుగేళ్ళు ఇవ్వలేదురా" అని మొదలుపెట్టాడు.